కోరింగ మడ అడవులకి స్టూడెంట్సే ట్రిప్ నడపాలంటే ఏం చూసుకోవాలండి?

నమస్తే అండి, మాది కాకినాడ, యూనివర్సిటీలో సీనియర్లమే జూనియర్లని కోరింగ తీసుకెళ్దామని ప్లాన్ చేస్తున్నాం, లెక్చరర్లు ఎవరూ రారు. చెక్క వంతెన మీద నడకకి భయం లేదు గానీ పడవ దగ్గరే బెంగంతా. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన సంగతి ఇక్కడ ఏ అమ్మా మర్చిపోలేదు కదండీ, అందుకే లైఫ్ జాకెట్ ఒంటికి సరిపోయి బకిల్స్ అన్నీ పెట్టుకున్నాకే ఎక్కించాలని గట్టిగా అనుకున్నాం. ఆటు టైంలో కాలవల్లో నీళ్లు తగ్గిపోతే పడవ బురదలో ఆగిపోద్ది కదా, పోటు టైం ముందే ఎలా తెలుసుకోవాలి? ఫారెస్ట్ వాళ్లకి కాలేజీ లెటర్ ఇవ్వాలా? ఈత రానివాళ్లని వద్దనడం నాకస్సలు ఇష్టం లేదు, వాళ్లకీ ఈ అడవి చూపించాలి. ఇలా గ్రూపుల్ని తీసుకెళ్లినవాళ్లు ఒక్కో సీనియర్‌కి ఎంతమందిని అప్పగించారో కాస్త చెప్పండి ప్లీజ్.