ఈ వారం సమస్య (చివరి పాదం మేమిస్తాం, పై మూడు పాదాలు రాసి అర్థం కుదర్చడమే పూరణ): ఎండ మండఁగ నదులెల్ల నిండెఁ జూడు

నిర్వాహకుడు: మా వీధిలో ట్యాంకరు దగ్గర బిందెల కొట్లాట చూస్తుంటే తట్టిన పాదమిది. ‘కలగంటి’ అని తప్పించుకునే పూరణలు వద్దు. ఎవరినంటున్నానో వారికి తెలుసు.

ఎంవీపీ మాస్టారు:
మంచు కరఁగఁగ గోముఖ మార్గమందు
వాన చుక్కయు లేకయె వరద వచ్చె
హిమము కన్నట్టి బిడ్డలై యేఁగుదెంచు
ఎండ మండఁగ నదులెల్ల నిండెఁ జూడు

గాజువాక పంతులమ్మ: అసలు చిక్కంతా ‘ఎల్ల’ దగ్గరే. త్ర్యంబకంలో పుట్టిన గోదావరికి మంచెక్కడిది? మే నెల వస్తే ఇసుక తిన్నెలే. ‘హిమము కన్నట్టి’ అని కంచె వేసి ఆ ‘ఎల్ల’ను హిమాలయ నదులకే కట్టేశారు, దండం మాస్టారూ. మరి ‘ఏఁగుదెంచు’ మీద ‘ఎండ’ వస్తే నుగాగమం (మధ్యలో చేరాల్సిన ‘న’కారం) ఏది?

కంచరపాలెం కవి: ఇచ్చిన పాదంలో మొదటి అక్షరం మార్చొచ్చా? మొన్న ఉగాదికి నేను ‘య’ చేరిస్తే ఇద్దరూ కలిసి ఉతికారు.

గాజువాక పంతులమ్మ: రాకూడని చోట చేర్చారు కాబట్టి ఉతికాం. ఇక్కడ ‘నెండ’ అంటే లాభమే. ప్రాసయతితో (‘ఎండ-నిండె’లో రెండో అక్షరాల జోడీ) నెట్టుకొస్తున్న పాదానికి నె-ని అక్షరయతి (మొదటి అక్షరాల జోడీ) కూడా కుదిరింది.

కంచరపాలెం కవి: సరే, భూగోళం చూద్దాం. ఉత్తరకాశి వరకు మాస్టారి మాట చెల్లుతుంది. పట్నా చేరేసరికి గంగలో మంచునీటి వాటా కొద్దే, అక్కడ నది నిండేది ఆషాఢ శ్రావణాల వానలతో. కరిగిన మంచు మీద ఎక్కువగా బతికేది సింధు నది. గోముఖం (గంగోత్రి హిమానీనదం అంచు) తీసేసి దాన్ని పెట్టాల్సింది. నా పూరణకు మంచుతో పనే లేదు (గెడ్డలంటే మన వైపు వాగులు):
గెడ్డలెండెను బిందెలు గేటు చేరె
కడలి గాలికి నుక్కకుఁ గారు చెమట
మోము వీపుల వాగులై ముంచుచుండె
ఎండ మండఁగ నదులెల్ల నిండెఁ జూడు

ఎంవీపీ మాస్టారు: ‘నిండె’ అన్నాను గానీ పట్నాలో గట్లు తెగాయనలేదే! గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. అది ఎండకు కరిగితే కింద భాగీరథి (గంగ తొలి పాయ) బూడిదరంగు నీళ్లతో ఉరకదూ? పద్యం పుట్టింది అక్కడ. మీ ‘ఉక్క’ మాత్రం అచ్చం మన బీచిరోడ్డే.

నిర్వాహకుడు: చెమట వాగులయ్యాక మళ్లీ నదులెందుకండీ?

కంచరపాలెం కవి: వాగులు కలిస్తేనే కదా నది!

గాజువాక పంతులమ్మ: నిరుడు ఇదే చెమటను సముద్రమన్నారు, ఇప్పుడు నదికి దిగారు. కవిగారి నీటిమట్టం కూడా తగ్గుతోంది.