ఓ.1 టెస్ట్‌లో ఒకే శాంపిల్ 64 సెకన్ల నుంచి 112 దాకా, మీకూ ఇలా వచ్చిందా?

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్
ఒక ఘన పదార్థం ఆక్సిడైజరా, అంటే పక్కవాటి మంటను పెంచుతుందా అని చూసే యూఎన్ ఓ.1 టెస్ట్‌లో నాలుగు రోజులుగా ఒక్క శాంపిల్‌తోనే కుస్తీ పడుతున్నాను. శాంపిల్ 4 వంతులు, సెల్యులోజ్ (మొక్కల పీచు పొడి) 1 వంతు కలిపి ఐదు కుప్పలు వేడి తీగతో కాలిస్తే 71, 98, 112, 64, 103 సెకన్లు వచ్చాయి. సగటు 89.6. పోల్చి చూసే నా రిఫరెన్స్ (పొటాషియం బ్రోమేట్, సెల్యులోజ్ 3:7 మిశ్రమం) సగటు 96. దానికంటే త్వరగా కాలింది కాబట్టి రూల్ ప్రకారం కేటగిరీ 3 (ఆక్సిడైజర్లలో అన్నిటికన్నా బలహీనమైన తరగతి) అని రాసేయాలి, కానీ ఇలా చెల్లాచెదురుగా వచ్చిన అంకెల కింద సంతకం పెట్టడానికి చెయ్యి రావట్లేదు. పంపినవాళ్లేమో "అది ఆక్సిడైజర్ కానే కాదు, మళ్లీ చేయండి" అని రోజూ ఫోన్. తేడా ఎక్కడ వస్తోంది? శాంపిల్ గుళికల్ని నూరాలా, వచ్చినట్టే పెట్టాలా? నాలుగో కుప్పలో తీగ తెగింది, ఆ 64ని లెక్కలోకి తీసుకోవచ్చా?

తెల్లపొడి
సెల్యులోజ్ చూసుకోండి, ఇంకేమీ కాదు. 105 డిగ్రీల దగ్గర 4 గంటలు, పొర మందం 25 మి.మీ. మించకూడదు. మా దగ్గర ఒకాయన టైమ్ కలిసొస్తుందని ట్రే నిండా పోసి ఓవెన్‌లో పెట్టాడు. పైన పొడిగానే ఉంది, వేళ్లతో అడుగు కదిపితే ముద్దలు ముద్దలుగా వచ్చింది. తేమ 0.5 శాతం లోపు ఉండాల్సింది ఎంతుందో దేవుడికే తెలియాలి. వారం రోజుల రిజల్ట్స్ చెత్తబుట్టలో వేశాం, మాటలు పడింది మాత్రం నేను.

వైరు_వాట్లు
పదకొండేళ్లుగా ఈ టెస్టే చేస్తున్నాను, అందరూ సెల్యులోజ్ మీద పడతారు, కరెంటు ఎవరూ చూడరు. తీగ 30 సెం.మీ., మీటరుకు 6 ఓమ్‌లు, అంటే 1.8 ఓమ్‌లు. 150 వాట్లు రావాలంటే సుమారు 16.4 వోల్టులు, 9 ఆంపియర్లు కావాలి. చాలా ల్యాబుల్లో చేతికందిన 12 వోల్టుల సప్లై తగిలిస్తారు, దానితో వచ్చేది 80 వాట్లే. తీగ మెల్లగా ఎర్రబడుతుంది, కుప్ప ఆలస్యంగా అంటుకుంటుంది. స్టాప్‌వాచ్ మొదలయ్యేది స్విచ్ వేసిన క్షణం నుంచి కదా, ఆ ఆలస్యమంతా మీ బర్నింగ్ టైమ్‌లో కలిసిపోతుంది. ముందు మల్టీమీటర్ తీసుకుని కొలవండి.

జల్లెడ_150
రిఫరెన్స్‌ని కూడా అదే సప్లైతో కాలుస్తాం కదండీ? ఆలస్యం రెండింటికీ ఒకటే, పోల్చినప్పుడు కొట్టుకుపోతుంది. కొత్తవాళ్లను అనవసరంగా భయపెట్టకండి.

వైరు_వాట్లు
ఎలా కొట్టుకుపోతుంది? ఒక్కో మిశ్రమం ఒక్కో వేడి దగ్గర అంటుకుంటుంది. బ్రోమేట్ కుప్పకు 5 సెకన్ల ఆలస్యం పడితే శాంపిల్ కుప్పకు 20 పడొచ్చు. సరిగ్గా గీత మీద ఉన్న శాంపిల్‌కి ఆ 15 సెకన్లే తీర్పు. చేసి చూడకుండా మాట్లాడితే ఎలా?

జల్లెడ_150
చేసి చూడలేదని మీకెవరు చెప్పారు? బ్రోమేట్‌ని 0.15 నుంచి 0.30 మి.మీ. మధ్య జల్లించి, 65 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, నా చేతులతో లెక్కలేనన్ని కుప్పలు పోశాను. మీ పదకొండేళ్లు ఫోరమ్‌లో ప్రతి పోస్టులోనూ చదువుతున్నాం. ఆయన తేడా ఐదు కుప్పల మధ్య, అన్నీ ఒకే సప్లై మీద. వాట్లు తక్కువైతే అన్నీ ఒకేలా ఆలస్యం కావాలి, 64 ఎందుకొచ్చింది, 112 ఎందుకొచ్చింది? అది కలపడంలో తేడా. 30 గ్రాములు ఏ కుప్పకాకుప్ప విడిగా కలపాలి, పెద్ద బ్యాచ్ కలిపి పంచుకోకూడదు. అడిగినాయన బ్యాచ్ కలిపారని నా అనుమానం.

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్
అవునండీ, 150 గ్రాములు ఒకేసారి కలిపాను. సప్లై కూడా 12 వోల్టులదే. ఇద్దరూ తిట్టుకోకండి, రెండు తప్పులూ నావే.

స్మోల్డర్
వాచ్ ఎక్కడ ఆపుతున్నారో ఎవరూ అడగరేం? మంట పోయాక కుప్ప అంచున ఎర్రగా కనకనలాడుతూ ఉంటుంది, ఒకరు మంట పోగానే ఆపుతారు, ఇంకొకరు ఎరుపు పోయేదాకా చూస్తారు. ఆ ఎరుపు కూడా ముఖ్య చర్యలో భాగమే, అది ఆగాకే వాచ్ ఆపాలి. దాని తర్వాత అడపాదడపా ఎగిరే రవ్వల్ని మాత్రం లెక్కపెట్టకూడదు. పగలు ఒకరు, రాత్రి ఒకరు చేస్తే ఒకే శాంపిల్ రెండు కేటగిరీల్లో పడటం కళ్లారా చూశాను.

ఎడమచెయ్యి
మీరంతా సెకన్ల గురించి కొట్టుకుంటున్నారు, నూరడం గురించి అడిగితే ఒక్కరూ పలకలేదు. శాంపిల్‌లో 500 మైక్రాన్ల కన్నా సన్నటి పొడి 10 శాతం దాటినా, గుళికలు ఇట్టే చిట్లిపోయేవైనా మొత్తం నూరాలి. కానీ నూరేది శాంపిల్ ఒక్కదాన్నే. సెల్యులోజ్ కలిపాక రోకలి ముట్టుకోకూడదు. ముందురోజు సరిగ్గా కడగని కల్వంలో ఒక క్లోరేట్ (గట్టి ఆక్సిడైజర్) శాంపిల్ నూరాను, అడుగున సెల్యులోజ్ పోగులు అంటుకుని ఉన్నాయని చూసుకోలేదు. చిటపటమని ఒక్క మెరుపు, గ్లవ్ అరచేతికి అతుక్కుపోయింది. చిటికెడు కూడా లేదు ఆ మిశ్రమం. ఇప్పటికీ చలికి ఆ చెయ్యి బిగుసుకుంటుంది. దయచేసి ఇది చదివి ఊరికే దాటిపోకండి.

తెల్లపొడి
అయ్యో, జాగ్రత్తండీ. మేం మూత ఉన్న డబ్బాలో వేసి మెల్లగా దొర్లిస్తాం, కల్వం అసలు ఆ గదిలోకే రానివ్వం.

తూనిక_మేడమ్
ఇంకా బ్రోమేట్ పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారో నాకు అర్థం కాదు. క్యాన్సర్ అనుమానిత పదార్థాల 2బి జాబితాలో ఉంది అది. ఇదే పనికి ఉన్న ఇంకో యూఎన్ టెస్ట్ ఓ.3కి మారండి. అందులో రిఫరెన్స్ కాల్షియం పెరాక్సైడ్, కుప్ప త్రాసు మీదే కాలుతుంది, బరువు తగ్గుదలలో 20 నుంచి 80 శాతం మధ్య భాగాన్నే తీసుకుని సెకనుకు ఎన్ని గ్రాములో లెక్క కడతాం. వైరు_వాట్లు గారు చెప్పిన మొదటి ఆలస్యమూ, స్మోల్డర్ గారు చెప్పిన చివరి ఎరుపూ చాలావరకు పక్కకు పోతాయి. గొడవే లేదు.

వైరు_వాట్లు
గొడవ లేదంటారేంటి మేడమ్, పొగ పైకి లేచే ఊపుకి త్రాసు అంకె ఎలా ఊగుతుందో చూశారా? ఫ్యూమ్ హుడ్ గాలి కాస్త ఎక్కువైతే గ్రాఫ్ రంపం పళ్లలా వస్తుంది.

తూనిక_మేడమ్
గాలి సెకనుకు అర మీటరు దాటకుండా చూసుకుంటే రాదు. మీ హుడ్ తప్పును టెస్ట్ మీదకు నెట్టకండి.

జల్లెడ_150
పోనీ అమ్మోనియం నైట్రేట్ ఎరువులకు కూడా ఓ.3 సరిపోతుందా మేడమ్? మాకు నెలకు నాలుగైనా వస్తాయి.

తూనిక_మేడమ్
వాటికి ఓ.1, ఓ.3 రెండూ కాదు. అమ్మోనియం నైట్రేట్ ఎంత, మండే పదార్థం ఎంత అన్న కూర్పును బట్టి వర్గీకరిస్తారు, దానికి యూఎన్ మాన్యువల్‌లో విడిగా సెక్షనే ఉంది. వాటిని సెల్యులోజ్‌తో కలిపి కాల్చి రిపోర్ట్ ఇస్తుంటే మాత్రం వెంటనే ఆపండి.

జల్లెడ_150
ఇస్తున్నాం. ఇవాళే మా సార్‌తో మాట్లాడతాను. థ్యాంక్సండీ.

నైట్‌షిఫ్ట్_కెమిస్ట్
అప్‌డేట్. సప్లై మార్చి 150 వాట్లకు సెట్ చేశాను, సెల్యులోజ్ పలచగా పరిచి ఆరబెట్టాను, ప్రతి కుప్పా విడిగా కలిపాను, ఎరుపు పోయేదాకా చూశాను. 84, 88, 81, 90, 86. సగటు 85.8, రిఫరెన్స్ 99. కేటగిరీ 3 అని రాసి సంతకం పెట్టి పంపాను, ఇక వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇదే మాట. తీగ సంగతి మాన్యువల్‌లో చూసుకున్నాను, తెగడం వల్ల ఫలితం మారలేదని స్పష్టంగా తెలిస్తే తప్ప ఆ కుప్ప మళ్లీ కాల్చాల్సిందేనట. అందరికీ, ముఖ్యంగా ఎడమచెయ్యి గారికి థ్యాంక్స్. మా కల్వం తీసి అల్మారాలో పెట్టి తాళం వేశాను.

స్మోల్డర్
బాగుంది. ఇంతకీ కుప్ప పోసే 70 మి.మీ. గరాటు ముక్కును మీరంతా దేనితో మూస్తున్నారు? మాది బోర్లించి పైకి తీసేటప్పుడు ప్రతిసారీ కుప్ప కొస విరుగుతోంది.