చర్చ: ఇంటి లాన్‌కు గ్యాస్ మోవర్ కొనాలి, తోసుకునేది సరిపోతుందా?

కేరీ_సుజాత:
అందరికీ నమస్కారం. ఈ మార్చిలో నార్త్ కరోలినాలోని కేరీలో ఇల్లు కొనుక్కున్నాం. ఇల్లు, డ్రైవ్‌వే పోగా గడ్డి సుమారు 5,500 చదరపు అడుగులు ఉంటుంది. ముందు భాగం చదును, వెనక కంచె దగ్గర పల్లం. గడ్డి టాల్ ఫెస్క్యూ. కోయడానికి వచ్చే అతనికి కోతకు 50 డాలర్లు ఇస్తున్నాం. ఏప్రిల్‌లో వారం తిరక్కుండానే మళ్లీ పెరిగిపోయింది. అందుకే గ్యాస్ మోవర్ కొనుక్కుందామని (ఇండియా నుంచి చదివేవాళ్లకు: ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలే, మోవర్ అంటే గడ్డి కోసే మెషీన్). బడ్జెట్ 400 డాలర్లు. మనమే తోసే పుష్ మోవర్ తీసుకోవాలా, చక్రాల్ని ఇంజనే తిప్పే సెల్ఫ్ ప్రొపెల్డ్ తీసుకోవాలా? సీసీ ఎంత ఉండాలి? షాపులో అన్నీ ఒకేలా కనిపించి టెన్షన్ వచ్చేసింది. వాడినవాళ్ల మాట కావాలి.

ఫ్రిస్కో_వంశీ:
సుజాత గారూ, ఆరేళ్లుగా 21 అంగుళాల డెక్ (బ్లేడ్ మీద ఉండే కవచం) ఉన్న పుష్ మోవర్‌తోనే లాగిస్తున్నాం. గేర్లు, బెల్టు, కేబుల్ లేవు కాబట్టి చెడిపోయేదీ తక్కువే. కాకపోతే మాది టెక్సస్, నేల బల్లపరుపు, బెర్ముడా గడ్డి. అంగుళంన్నర ఎత్తులో ఉంచుతాం, వారానికి కోసేది కొంచెమే. మీ ఫెస్క్యూని మూడు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో ఉంచాలి. వసంతంలో అది దట్టంగా వస్తుంది, ఇంజన్ మీద భారం ఎక్కువ. 140 సీసీ కంటే తక్కువది తీసుకోకండి. 160 దగ్గర ఉంటే నిశ్చింత.

ఎడిసన్_ప్రసాద్:
వంశీ గారి మాట చదును నేలకు నిజం. మా వెనక వాలు బాగా ఎక్కువ. రెండు సీజన్లు తోసి, నడుం పట్టేసి సెల్ఫ్ ప్రొపెల్డ్‌కి మారాను. అందులోనూ ముందు చక్రాలతో నడిచేది తెచ్చాను. సంచి గడ్డితో నిండేసరికి బరువంతా వెనక్కి వచ్చి, పైకి ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తిరుగుతాయే తప్ప బండి కదలదు. వాలుంటే వెనక చక్రాలతో నడిచేదే చూడండి.

ఇంకో మాట. వాలు మీద పైకీ కిందకీ కాదు, అడ్డంగా కోయాలి. ఒకసారి తడి గడ్డి మీద నా కాలు జారింది. చెయ్యి హ్యాండిల్ వదిలేసింది కాబట్టి బ్లేడ్ ఆగింది. 1982 నుంచి తయారై ఇక్కడ అమ్మే, వెనక నడుస్తూ నడిపే మోవర్లలో పట్టు వదిలిన మూడు సెకన్లలో బ్లేడ్ ఆగాలని ఫెడరల్ నిబంధన. కొంతమంది హ్యాండిల్‌తో కలిపి పట్టుకునే బార్‌ని తాడుతో కట్టేసి వాడతారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఫ్రీమాంట్_లక్ష్మి:
కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. 2021లో వచ్చిన చట్టం వల్ల 2024 మోడల్ నుంచి ఇక్కడ కొత్త గ్యాస్ మోవర్లు అమ్మకూడదు. ఉన్నవి వాడుకోవచ్చు. మేం బ్యాటరీకి మారిపోయాం.

కమింగ్_మెకానిక్:
నేను జార్జియాలో ఉంటాను. సరదాగా పాత మోవర్లు బాగు చేస్తుంటాను. సుజాత గారూ, పుష్షా కాదా అన్నదానికంటే మీరు అందులో పోసే గ్యాస్ గురించి ఎక్కువ ఆలోచించండి. నా గ్యారేజీకి వచ్చే బళ్లలో ఎక్కువ వాటికి జబ్బు ఒకటే: చలికాలమంతా ట్యాంకులో పాత గ్యాస్ ఉండిపోవడం. మన పంపుల్లో వచ్చేది చాలావరకు ఈ10, అంటే పది శాతం ఇథనాల్. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. నెల దాటితే గ్యాస్ పాడవడం మొదలవుతుంది. మొన్న ఒకరి మోవర్ కార్బ్యురేటర్ కింద గిన్నె విప్పితే అడుగున తేనె రంగు జిగురు పేరుకుపోయి ఉంది. గ్యాస్ వెళ్లే జెట్‌లో సూది మొనంత రంధ్రం పూర్తిగా మూసుకుపోయింది. క్లీనర్ కొట్టి, సన్నని తీగతో తీశాక రెండో లాగుకే స్టార్ట్ అయింది. ఆయన అప్పటికే కొత్తది కొనడానికి సిద్ధమైపోయారు!

కాబట్టి చిన్న డబ్బా కొనుక్కోండి, నెలకు సరిపడానే తెచ్చుకోండి, తెచ్చిన రోజే స్టెబిలైజర్ (గ్యాస్ త్వరగా పాడవకుండా కలిపే మందు) కలపండి. ఇథనాల్ ఇంకా ఎక్కువ ఉండే ఈ15, ఈ85 పొరపాటున కూడా పోయకండి. సీజన్ చివర్లో ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపి పెట్టేయండి. డబ్బాను గ్యారేజీలో వాటర్ హీటర్ దగ్గర ఉంచొద్దు.

చాలా కొత్త మోవర్లు ఇంజన్‌లో ఆయిల్ లేకుండానే వస్తాయి, సీసా పెట్టెలో విడిగా ఉంటుంది. అది పోశాకే తాడు లాగాలి. చాలా ఇంజన్లకు మొదటి ఐదు గంటల తర్వాత ఆయిల్ మార్చమంటారు, మాన్యువల్‌లో చూసుకోండి.

కేరీ_సుజాత:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండీ. మా ఆఫీసులో అందరూ హోండా అంటున్నారు. దొరుకుతుందా?

కమింగ్_మెకానిక్:
హోండా 2023లో ఇక్కడ గ్యాస్ లాన్ మోవర్ల తయారీ ఆపేసింది. వాడినది మంచి స్థితిలో దొరికితే తీసుకోవచ్చు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మీరే తాడు లాగి చూడండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే ఏ బండైనా స్టార్ట్ అవుతుంది.

డబ్లిన్_ఒహాయో_హరి:
ఎవరూ బ్లేడ్ మాట ఎత్తలేదు. పోయిన వేసవిలో మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. కోసిన మర్నాడు లాన్ మీద తెల్లటి ఛాయ కనిపించింది. నీళ్లు చాల్లేదేమో అనుకున్నాను. ఆయన వంగి ఒక పరక తెంపి చూపించారు, కొస చీలి పీచులా ఉంది. "ఇది కోసింది కాదురా, పీకింది. కొడవలికి పదును పోతే వరి దంటు ఇట్టాగే ఉంటది" అన్నారు. స్పార్క్ ప్లగ్ వైరు తీసేసి, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా బండిని పక్కకు వంచి బ్లేడ్ విప్పాం. ఆయనే ఆకురాయితో పదును పెట్టారు. ఆ తర్వాతి కోతకే తేడా కళ్లకు కనిపించింది. ఇప్పుడు సీజన్‌కి రెండుసార్లు తప్పకుండా పెడుతున్నాను. పరకలో మూడో వంతుకు మించి ఒకేసారి కోయను.

ఎడిసన్_ప్రసాద్:
హరి గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. సుజాత గారూ, కొనేముందు పక్కింటివాళ్లది ఒకసారి అడిగి తెచ్చుకుని మీ పల్లంలో తోసి చూడండి. అప్పుడు మీకే తెలిసిపోతుంది.

కేరీ_సుజాత:
ప్రసాద్ గారు చెప్పినట్టే చేశాను. పక్కింటి పెద్దాయన తన పుష్ మోవర్ ఇచ్చారు. ముందు భాగం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పల్లంలో అడ్డంగా కోశాను, కష్టమైంది కానీ అది పది అడుగుల వెడల్పు ముక్కే. ఎగుడుదిగుళ్లలో చిన్న చక్రాలు దిగబడటం గమనించి, వెనక పెద్ద చక్రాలు ఉన్న 21 అంగుళాల పుష్ మోవర్, 163 సీసీది, నిన్న తెచ్చాను. బడ్జెట్‌లో మిగిలిన డబ్బుతో చెవులకు మఫ్స్, స్టెబిలైజర్, ఒక గ్యాలన్ డబ్బా కొన్నాను. ఆయిల్ సీసా నిజంగానే పెట్టెలో విడిగా ఉంది, పోసేశాను. శనివారం మంచు ఆరాక మొదటి కోత. హరి గారూ, బ్లేడ్ బోల్టుకి ఏ సైజు సాకెట్ పట్టిందో చెప్తారా?