కోనసీమ గట్ల మీద గ్రావెల్ సైకిల్: రాజమండ్రి నుంచి రెండు రోజుల దారి కావాలి

సన్నగీత

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం హైదరాబాద్ నుంచి వస్తున్నాం. రాజమండ్రిలో రైలు దిగి, రెండు రోజులు కోనసీమలో తొక్కి, మళ్లీ అక్కడే రైలెక్కాలి. గ్రావెల్ బైకులు (మట్టి, కంకర బాటల సైకిళ్లు), 700×40 ట్యూబ్‌లెస్ టైర్లు, అంటే 40 మి.మీ. వెడల్పువి. రోజుకి 75 కిలోమీటర్లు అటూఇటూ అయినా పర్వాలేదు. హైవే వద్దు, కార్లు తిరిగే తారు రోడ్డు వీలైనంత తగ్గాలి. మ్యాపులో గోదావరి పాయల మధ్య సన్నటి గీతలు బోలెడు కనిపిస్తున్నాయి. వాటిలో ఏవి ఊరికి చేరతాయి, ఏవి పొలంలో ఆగిపోతాయి? పాత గుళ్లు, పాత కట్టడాలు దారిలో తగిలితే మరీ మంచిది. పంటు (నది దాటించే పడవ) మీదికి సైకిళ్లు ఎక్కనిస్తారా?

లొల్ల_లాకు

ముందు గట్లను గుర్తుపట్టడం నేర్చుకోండి, సగం దారి తప్పడం అక్కడే తగ్గుతుంది. కోనసీమలో గట్లు మూడు రకాలు. నదిని ఆనుకుని ఎత్తుగా ఉండేది ఏటిగట్టు. వరద నుంచి ఊళ్లను కాపాడేది అదే, కాబట్టి మధ్యలో తెగదు. రెండోది పంటకాలువ గట్టు. మూడోది మురుగు కాలువ గట్టు, మిమ్మల్ని పొలంలో వదిలేసేది ఇదే. పంటకాలువ చేలకంటే ఎత్తులో పారుతుంది, నీళ్లు పక్కకి దిగాలి కదా. అందుకే దాని వెంట తూములు, లాకులు (కాలువ నీటిని ఆపి వదిలే గేట్లు), వాటిని చూసుకునే మనుషులు తిరిగే బాట ఉంటాయి. మురుగు కాలువ చేలకంటే పల్లంలో వంకర్లు తిరుగుతూ పోతుంది. పిల్ల కాలువ కలిసిన చోట వంతెన ఉండదు, వెనక్కి తిరగాల్సిందే. శాటిలైట్ మ్యాపులో గీత పక్కన వరుసగా తూములు, అడ్డంగా చిన్న వంతెనలు కనిపిస్తే పంటకాలువ. లేకపోతే దాని జోలికి పోకండి.

మొదటి రోజు: రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్లి బ్యారేజీ ఎక్కండి. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట స్థానంలో కట్టిందే ఇప్పటి బ్యారేజీ, 175 గేట్లు. మధ్యలో పిచ్చుకలంక దాటాక బొబ్బర్లంక వస్తుంది. మధ్య డెల్టా ప్రధాన కాలువ పుట్టేది ఇక్కడే. కాలువకి ఒక పక్క తారు రోడ్డు ఉంటే ఎదుటి గట్టు చూసుకోండి, లాకు దగ్గరో వంతెన దగ్గరో మారిపోవచ్చు. ఇలా ఆత్రేయపురం, లొల్ల దాకా వెళ్లండి. లొల్ల లాకుల దగ్గర కాలువ చీలుతుంది. సైకిల్ దింపి కాసేపు చూడదగ్గ చోటు. పాత గేట్ల కింద నీళ్లు దూకే చప్పుడుకి పక్కవాళ్ల మాట వినపడదు.

అక్కడి నుంచి ర్యాలి దగ్గరే. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని, రెండూ ఒకే నల్లరాతిలో. గుడిలోకి నిక్కరుతో వెళ్లకుండా పలచని పంచె ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

రావులపాలెం దగ్గర హైవేని అడ్డంగా దాటడం తప్పదు. తర్వాత పలివెల ఉమా కొప్పులింగేశ్వరుడి గుడి చూసుకుని గన్నవరం కాలువ గట్టు పట్టుకోండి. పి.గన్నవరంలో వైనతేయ పాయ మీద 1850ల్లో కట్టిన అక్విడెక్టు ఉంది, 49 కమానులు. నది మీదుగా కాలువ పారడానికి కట్టింది. పక్కనే ఉన్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. రాత్రికి అమలాపురంలో లాడ్జీలు దొరుకుతాయి.

రెండో రోజు: ముక్తేశ్వరం వెళ్లి పంటు మీద గౌతమి పాయ దాటి కోటిపల్లి. మోటారు సైకిళ్లు కూడా ఎక్కుతాయి, మీ సైకిళ్లకు ఇబ్బంది లేదు. రేవులోకి దిగే బాట ఇసుక, తోసుకుంటూ వెళ్లండి. కోటిపల్లి నుంచి ద్రాక్షారామం వెళ్లొచ్చి, మళ్లీ గౌతమి ఏటిగట్టు పట్టుకుని కపిలేశ్వరపురం, ఆలమూరు, జొన్నాడ మీదుగా కడియం నర్సరీలు, ధవళేశ్వరం. ఈ వైపు గట్టు మీద తారు ఎక్కువ, నిజం చెప్పాలంటే మొదటి రోజంత ప్రశాంతం కాదు. అయినా ఒక పక్క నది, ఒక పక్క కొబ్బరి తోటలు వదలకుండా వస్తాయి.

తాటిమట్ట

దారి బాగా చెప్పారండి. నేను సామాను సంగతి చెబుతాను.

ఇక్కడి ఒండ్రు మట్టి ఎండితే సిమెంటు, తడిస్తే బంక. జల్లు పడిన గంటలోపు గట్టెక్కితే వంద మీటర్లలో చక్రం ఫోర్కు మధ్య ఇరుక్కుని తిరగడం మానేస్తుంది. టైరుకీ ఫ్రేముకీ మధ్య రెండు వైపులా 6 మి.మీ. ఖాళీ లేకపోతే 40 బదులు 38 వేసుకోండి. దానికి వరిగడ్డి తోడైతే ఇంకా ప్రమాదం. గడ్డి పరకలు వెనక డీరైలర్ (గేర్లు మార్చే భాగం) చిన్న చక్రాలకి చుట్టుకుంటాయి, మట్టి వాటిని అతికిస్తుంది. తెలియక గట్టిగా తొక్కితే డీరైలర్ వెనక్కి లాగబడి చువ్వల్లో పడుతుంది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. పెడల్ కాస్త బరువెక్కిందనిపించగానే ఆగండి. పెడల్ వెనక్కి తిప్పుతూ గడ్డి చేత్తో లాగేయండి. మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి, తెగిన చైను కలపడానికి మీ చైనుకి సరిపోయే క్విక్ లింకులు రెండు తప్పనిసరి. హ్యాంగర్ ప్రతి ఫ్రేముకీ వేరు, అమలాపురంలో వెతికితే దొరకదు.

ముళ్లు: పల్లేరు కాయ, సర్కారు తుమ్మ. రెండూ సీలెంటుతో (టైరు లోపల పోసే, చిల్లులు పూడ్చే ద్రవం) ఆగిపోతాయి. టైరుకి 70 మి.లీ. పోయండి. మన ఎండలకి రెండు మూడు నెలల్లో గడ్డకడుతుంది కాబట్టి పాతదాన్ని నమ్మకండి. సీలెంటుతో ఆగనిది తాటిమట్ట. రాలిన మట్ట అంచులు రంపంలా ఉంటాయి, పక్కగా ఎక్కితే టైరు పక్క గోడ చీలుతుంది. అప్పుడు ప్లగ్గు పనిచేయదు. పాల ప్యాకెట్ కవరు నాలుగు మడతలు పెట్టి లోపల నుంచి చీలిక మీద ఉంచి, ట్యూబ్ వేసి, 25 పీఎస్‌ఐ మించకుండా గాలి కొట్టి మెల్లగా ఊరు చేరండి.

గాలి: 70 కిలోల మనిషికి, 40 టైరుకి ముందు 30, వెనక 34 పీఎస్‌ఐ. ట్యూబులతో అయితే రెంటికీ 6 కలపండి, లేదంటే కంకర రాయి తగిలి ట్యూబ్ నొక్కుకుని రెండు చోట్ల తెగుతుంది.

సాయంత్రం గట్టు మీద ఒకటే భయం, పలుపు. ఆవుని గట్టుకి ఒక పక్క గుంజకి కట్టేస్తారు, అది మేస్తూ రెండో పక్కకి వెళ్తుంది. తాడు బాటకి అడ్డంగా, మోకాలి ఎత్తున, మట్టి రంగులో ఉంటుంది. ఐదున్నర దాటాక గట్టు దిగి ఊరి రోడ్డు పట్టండి.

దాళ్వా_పైరు

తేదీలు మార్చుకోండి. భోగి నుంచి కనుమ దాకా ఇక్కడ ఏ బాటా ఖాళీగా ఉండదు. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల ప్రభలు (దేవుణ్ని ఉంచి అలంకరించిన ఎత్తైన చట్రాలు) వస్తాయి. చేలకీ కాలువలకీ అడ్డంపడి భుజాల మీద మోసుకొస్తారు. అది చూడాలంటే సైకిల్ ఎక్కడైనా పెట్టి నడిచి వెళ్లండి. తొక్కడానికి మాత్రం పండగైన వారం తర్వాత నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా బాగుంటుంది. సార్వా (వానాకాలం వరి) కోత, ధాన్యం ఆరబోత అయిపోయి ఉంటాయి, దాళ్వా (రెండో పంట) పైరు పచ్చగా ఉంటుంది, కాలువల్లో నీళ్లుంటాయి. ఏప్రిల్‌లో మళ్లీ బాటంతా ధాన్యం రాశులే. రైతు ధాన్యం మీద టైరు పెట్టకండి, దిగి నడవండి. ఆ తర్వాత కాలువలు కట్టేసి గట్ల పనులు మొదలుపెడతారు.

వానాకాలంలో వచ్చేవాళ్లు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసుకోవాలి. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంకల (నది మధ్య దీవుల) వైపు వెళ్లొద్దు, పంటునీ నమ్ముకోవద్దు.

ఇసుక ర్యాంపు (నది నుంచి ఇసుక తీసే చోటు) ఉన్న చోట గట్టు మీద లారీలు తిరుగుతాయి. బాట మీద సన్నటి తెల్ల ఇసుక పొర, రెండు లోతైన చాళ్లు కనిపిస్తే ముందు ర్యాంపు ఉన్నట్టే. అక్కడ ఊళ్లోంచి చుట్టి వెళ్లండి.

సన్నగీత

జనవరి చివరి వారానికి మార్చేశాం. దారిని తిరగేసి, ముందు ద్రాక్షారామం వైపు వెళ్తే ఏమైనా లాభమా? ట్యూబులు ఊళ్లో దొరుకుతాయా?

లొల్ల_లాకు

తిరగేయకండి. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి దక్షిణం వైపు నుంచి లేస్తుంది, గట్టు మీద అడ్డే ఉండదు. నేను చెప్పిన వరుసలో అయితే రెండో రోజు మధ్యాహ్నం అది మీ వీపున ఉంటుంది. మొదటి రోజు పొద్దున్నే బయల్దేరి రెండు గంటలకల్లా పి.గన్నవరం చేరితే ఎదురుగాలి పెద్దగా తగలదు. పొద్దున ఏడున్నర దాకా మంచు దట్టంగా ఉంటుంది, వెనక ఎర్ర లైటు వేసుకోండి.

తాటిమట్ట

ఊళ్లో దొరికేవి మామూలు 26, 28 అంగుళాల ట్యూబులు. 28 ట్యూబ్ మీ టైరులో సర్దుకుంటుంది కానీ దాని లావు వాల్వు మీ రిమ్ము రంధ్రంలో పట్టదు, మీ సన్నటి ప్రెస్టా వాల్వు రంధ్రం 6.5 మి.మీ.యే. అందుకని మనిషికి రెండు ట్యూబులు తెచ్చుకోండి. ప్రెస్టాకి పెట్టే చిన్న ఇత్తడి అడాప్టరు కూడా వేసుకుంటే, మోటారు సైకిళ్లకి గాలి కొట్టే ఏ పంక్చర్ షాపులోనైనా పని జరుగుతుంది. గాలి కొట్టేవాళ్లకి ముందే చెప్పండి, ఆ కంప్రెసర్‌తో ఒక్క క్షణంలో 60 దాటిపోతుంది.