అప్‌డేట్: చెరువు ఆక్రమణ, ముందు కోర్టుకా తాసీల్దారు దగ్గరికా

గుంటూరు పక్కన ఊళ్ళో చెరువు భూములు కాపాడే మా ట్రస్టు బాధ్యత నా మీద పడింది, చెరువు ఆక్రమించినాయన మీద ముందు కోర్టుకెళ్ళాలా తాసీల్దారు దగ్గరికా అని కమిటీలో గొడవ అని ఇక్కడ ఇంతకుముందు ఓ పోస్టులో అడిగా కదా, చాలామంది ముందు రికార్డులు తీయమన్నారు, అదే చేశాం. ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చెరువు పోరంబోకు, అంటే సర్కారు భూమి అని క్లియర్‌గా ఉంది, అడంగల్‌లో (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు) మాత్రం మధ్యలో ఎవరిదో పేరెక్కింది!! ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు హద్దులు, కొలతల పటం) పట్టుకుని సర్వేయర్‌తో వెళ్తే హద్దురాయి సర్కారు తుమ్మ పొదలో సగం పూడుకుపోయి దొరికింది, ముళ్ళకి చేతులన్నీ గీరుకుపోయాయి అది వేరే కథ. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 సుప్రీంకోర్టు తీర్పు కాపీ జతచేసి తాసీల్దారుకి అర్జీ ఇచ్చాం, ఊరి ఉమ్మడి భూములు ఖాళీ చేయించమని రాష్ట్రాలకి చెప్పింది అందులోనే. ఆ సర్వే నంబరు 22ఏ లిస్టులో (అమ్మకూడని భూముల లిస్టు) పెట్టమని కూడా అడిగాం, అందులో ఉంటే రిజిస్ట్రేషన్ అవ్వదు.

నన్నడిగితే కాగితాలకన్నా కష్టం ఊరోళ్ళని కలుపుకోవడమే, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు (పెలికన్లు) గూళ్ళు పెడుతున్నాయంటే ఊరి వాళ్ళు తోడుండబట్టేగా అని పెద్దాయనొకాయన గ్రామసభలో లేచి అడిగాక కొంచెం కదిలారు. నోటీసులైతే వెళ్ళాయి, ఆక్రమించినాయన ఇంకా జవాబివ్వలేదు. ఇవ్వకపోతే అప్పుడు హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేస్తాం, కమిటీ కూడా దీనికి ఓకే అంది.