పన్నెండు ఫ్రేముల రోలులో బ్రాకెటింగ్ వివేకమా, వృథానా?

ఆరు బై ఆరు:
గత నెల లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో, పురావస్తు శాఖ అనుమతితో ట్రైపాడ్ వేసుకొని, హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎమ్ కెమెరా మీద హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు నెగెటివ్ ఫిల్ము రోలు ఒకటి తీశాను. చీకట్లో ఉన్న స్తంభాల శిల్పాలు, వాటి సందుల్లోంచి ఎండకు మెరిసే ప్రాకారం, రెండూ ఒకే ఫ్రేములో నిలవాలన్నది నా కోరిక. అందుకని ప్రతి దృశ్యాన్నీ మీటరు చెప్పినట్టు ఒకసారి, ఒక స్టాప్ తగ్గించి (అంటే సగం వెలుగుతో) ఒకసారి, ఒక స్టాప్ పెంచి (అంటే రెట్టింపు వెలుగుతో) ఒకసారి తీశాను. నాలుగు దృశ్యాలకే 12 ఫ్రేములూ అయిపోయాయి. రోలు, డెవలపింగ్, స్కానింగ్ అన్నీ కలిపి నాకు దాదాపు 2,000 రూపాయలు పడింది కాబట్టి ఒక్కో దృశ్యం 500 రూపాయలన్నమాట. తీరా నెగెటివులను లైట్ బాక్స్ మీద పరచి చూస్తే, నాలుగింటిలోనూ ఒక స్టాప్ పెంచి తీసినవే బాగున్నాయి. మిగిలిన ఎనిమిదీ కవరులో పెట్టి మరచిపోవలసినవే. ఇంత తక్కువ ఫ్రేములున్న ఫార్మాట్‌లో ఇలా మూడేసి తీసే బ్రాకెటింగ్ అసలు చేయదగ్గ పనేనా? ఒకే ఫ్రేమును రెండుసార్లు ఎక్స్‌పోజ్ చేసి నీడలను పైకి తేవచ్చని ఒక మిత్రుడు అన్నారు. అది ఇలాంటి చోట పనికివస్తుందా?

జోన్ మూడు:
మీ ప్రశ్నకు మీ లైట్ బాక్సే జవాబు చెప్పింది. నెగెటివ్ ఫిల్ము వెలుగు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. నీడల్లో నమోదు కాని వివరాన్ని తరువాత ఏ రసాయనమూ, ఏ స్కానరూ పుట్టించలేవు. కాబట్టి ఒక స్టాప్ తగ్గించి తీసిన నాలుగు ఫ్రేములూ షట్టరు నొక్కకముందే వృథా.

మిగిలిన సందేహాన్ని తీర్చడానికి, దృశ్యంలో ఒక చిన్న చోటి వెలుగును మాత్రమే కొలిచే స్పాట్ మీటరు ఉన్నది. నలుపు నుంచి తెలుపు దాకా స్టాప్‌కు ఒక మెట్టు చొప్పున జోన్‌లుగా లెక్కిస్తే, మీటరు దేన్ని చదివినా మధ్యదైన అయిదవ జోన్‌కు లెక్క కడుతుంది. వివరం కనిపించి తీరాలని మీరు కోరుకునే అతి చీకటి స్తంభాన్ని చదివి, మీటరు చెప్పినదానికంటే రెండు స్టాప్‌లు తగ్గించి ఇస్తే ఆ స్తంభం మూడవ జోన్‌లో కూర్చుంటుంది. అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1939–40 ప్రాంతంలో ఈ పద్ధతిని రూపొందించినదే ఊహించి తీయడం మానడానికి. బ్రాకెటింగ్ అంటే ఆ ఊహను మూడు ఫ్రేములకు పంచి పెట్టడం తప్ప మరొకటి కాదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మీ కష్టం ఎక్స్‌పోజర్ ఎంత అన్నది కాదు. స్తంభానికీ ప్రాకారానికీ మధ్య వెలుగులో ఉన్న దూరం. ఆ దూరాన్ని బ్రాకెటింగ్ పిసరంత కూడా తగ్గించదు, అదే దూరాన్ని మూడు వేర్వేరు ఎత్తుల్లో నిలబెడుతుంది, అంతే. మీ కెమెరాకు ఫిల్ము రోలు ఉండే వెనుక డబ్బాలను, అంటే బ్యాక్‌లను, మార్చుకునే సౌకర్యం ఉన్నది కనుక, ఇలాంటి దృశ్యాలకు ఒక బ్యాక్‌ను ప్రత్యేకంగా కేటాయించి, ఆ రోలుకు ఎక్స్‌పోజర్ కొంచెం ఎక్కువ ఇచ్చి, డెవలపింగ్ సమయం తగ్గిస్తే ఆ దూరం నిజంగా తగ్గుతుంది.

స్టూడియో వారసుడు:
జోన్ మూడు గారు చెప్పిన లెక్క తప్పు కాదు గాని, అది నెగెటివ్ ఫిల్ముకు, నిజం చెప్పే షట్టరుకు మాత్రమే వర్తిస్తుంది. మా నాన్నగారు పెళ్ళిళ్ళలో యాషికామ్యాట్‌తో ఏనాడూ బ్రాకెట్ చేయలేదు; తలంబ్రాలు ఆయన కోసం రెండోసారి పోయరు కదా. కాని కాలెండరు అచ్చుకు దేవుడి పటాలను, నేరుగా పాజిటివ్ బొమ్మే వచ్చే స్లైడ్ ఫిల్ము మీద తీసి ఇచ్చే పని వచ్చినప్పుడు మాత్రం అర స్టాప్ చొప్పున మూడు ఫ్రేములు తీయనిదే ట్రైపాడ్ విప్పేవారు కాదు. స్లైడ్‌లో అర స్టాప్ తేడా వస్తే విగ్రహం మీది బంగారు తొడుగు తెల్లగా పాలిపోతుంది, లేదా ఇత్తడిలా మసకబారుతుంది. అక్కడ నెగెటివ్‌కు ఉన్న ఓర్పు ఉండదు, తరువాత ప్రింటులో సరిదిద్దుకునే అవకాశమూ ఉండదు.

ఇక షట్టరు. మనం వాడే హాసెల్‌బ్లాడ్ లెన్సుల్లో చాలావాటికి నలభై ఏళ్ళు దాటాయి. నా 80 ఎంఎం లెన్సులో అర సెకను అని పెట్టి నొక్కితే, చలికాలం ఉదయం పూట, లోపలి పళ్ళచక్రం ఆయాసపడుతున్న చప్పుడు చెవికే తెలుస్తుంది. మరమ్మతుకు ఇచ్చి పరీక్షింపజేసినప్పుడు అది ముక్కాలు సెకనుకు దగ్గరగా తెరుచుకుంటున్నదని తేలింది. స్పాట్ మీటరు ఎంత నిక్కచ్చిగా ఉన్నా ఆ తప్పును పట్టుకోలేదు. మీటరు మీద అనుమానంతో బ్రాకెట్ చేస్తున్నామని మీరు అనుకుంటున్నారు; నేను చేసేది యంత్రం మీద అనుమానంతో. ఒక్క జాగ్రత్త: ఈ లెన్సుల్లో షట్టరు వేగాలు పూర్తి స్టాప్‌లకే మారతాయి కాబట్టి అర స్టాప్ బ్రాకెట్‌ను, లెన్సు రంధ్రాన్ని పెంచి తగ్గించే అపర్చరు రింగుతోనే చేయాలి.

నల్లరేకు:
ఆరు బై ఆరు గారి రెండో ప్రశ్నను ఇద్దరూ వదిలేశారు. ఆయన మిత్రుడు చెప్పినది ముందస్తు ఎక్స్‌పోజర్ అయి ఉంటుంది. ఆడమ్స్ కూడా దానిని వాడారు. ఏ వివరమూ లేని ఒకే తీరు వెలుగును ఫ్రేమంతటికీ కొద్దిగా ఇచ్చి, ఆ తరువాత అదే ఫ్రేము మీద అసలు దృశ్యాన్ని తీయడమే ఆ పద్ధతి. లెన్సును అనంతానికి ఫోకస్ చేసి, దాని ముందు తెల్ల కాగితం నిలిపి, కాగితాన్ని చదివి, మీటరు చెప్పినదానికంటే మూడు స్టాప్‌లు తగ్గించి ఇస్తే అది రెండవ జోన్ వెలుగు అవుతుంది.

ఇది దేనిని ఎంత మారుస్తుందో లెక్క చూడండి. రెండవ జోన్ వెలుగును ఒకటి అనుకుంటే మూడవ జోన్ రెండు, అయిదవది ఎనిమిది, ఎనిమిదవది అరవై నాలుగు. అన్నిటికీ ఒకటి కలపండి. ఒకటవ జోన్‌లో అర భాగం ఉన్న చోట ఒకటిన్నర అవుతుంది, అంటే ఒకటిన్నర స్టాప్‌కు పైగా పెరుగుదల. మూడవ జోన్‌లో రెండు మూడవుతుంది, అక్కడ పెరిగేది అర స్టాప్ పైచిలుకు. ఎనిమిదవ జోన్‌లో అరవై నాలుగు అరవై అయిదవుతుంది, దాన్ని ఎవరూ గుర్తించలేరు. స్తంభం లేస్తుంది, ప్రాకారం కదలదు. ముగ్గురం ఒప్పుకున్న ఆ దూరం ఒక్క ఫ్రేములోనే తగ్గింది. బ్రాకెటింగ్ మూడు ఫ్రేములు తిని కూడా ఈ పని చేయలేకపోయింది.

జోన్ మూడు:
లెక్క బాగున్నది, కాని అందులో ఒక మాట దాగి ఉన్నది. నీడలకు వెలుగు కలిసింది, వివరం కలవలేదు. ఒకటవ జోన్‌కూ మూడవ జోన్‌కూ మధ్య రెండు స్టాప్‌లు ఉండవలసిన తేడా మీ లెక్క ప్రకారమే ఒక స్టాప్‌కు కుదించుకుపోయింది. శిల్పం చెక్కడపు లోతు తెలిసేది ఆ తేడాలోనే కదా. ప్రింటులో ఆ స్తంభాలు సున్నం కొట్టినట్టు చదునుగా కనిపిస్తే అది లేపాక్షి రాయి అనిపించుకోదు. పైగా ముందస్తు వెలుగు ఇవ్వడానికి మీటరింగ్ మరింత కచ్చితంగా ఉండాలి. ఎక్స్‌పోజర్ మీద నమ్మకం లేక బ్రాకెట్ చేస్తున్న వారికి ఈ మందు ఎలా ఇస్తాం?

రేవు గట్టు:
జోన్ మూడు గారి చివరి మాటతో ఏకీభవిస్తూనే, బ్రాకెటింగ్‌లో ఎవరూ పట్టించుకోని ఒక మోసాన్ని చెప్పాలి. నేను సంధ్యవేళ ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిని దీర్ఘ ఎక్స్‌పోజర్‌తో తీస్తుంటాను. ఎక్స్‌పోజర్ సెకన్లలోకి వెళ్ళేకొద్దీ ఫిల్ము వెలుగుకు స్పందించే శక్తి తగ్గుతుంది కనుక, ఆ ఫిల్ము తయారీదారు ఇల్‌ఫర్డ్ ఇచ్చే సూత్రం ప్రకారం హెచ్‌పీ5 ప్లస్‌కు మీటరు చెప్పిన సెకన్లను 1.31 ఘాతానికి పెంచాలి. అలా చేస్తే ఎనిమిది సెకన్లు దాదాపు పదిహేను సెకన్లు అవుతాయి. సవరణ చేయకుండా ఎనిమిది, పదహారు, ముప్పై రెండు అని బ్రాకెట్ చేసేవారు ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చామనుకుంటున్న రెండో ఫ్రేమే నిజానికి సరైన ఎక్స్‌పోజర్. ఆరు బై ఆరు గారూ, మండపంలో మీ సమయాలు సెకన్లలో ఉండి ఉంటే, ఒక స్టాప్ పెంచినవే బాగా రావడానికి సగం కారణం ఇదే కావచ్చు.

ఈ సవరణను తప్పించుకునే దారి బహుళ ఎక్స్‌పోజరే. హెచ్‌పీ5 ప్లస్‌కు అర సెకను దాకా సవరణ అక్కరలేదు కాబట్టి, ఒకే ఫ్రేము మీద పదహారు అర సెకన్లు ఇస్తే దాదాపు ఎనిమిది సెకన్ల వెలుగు చేరుతుంది. నీరు నునుపుగానే వస్తుంది, సన్నని అలల జాడ కూడా మిగులుతుంది. నాది మామియా ఆర్‌బీ67. దానిలో షట్టరును ఎక్కించే మీట, ఫిల్మును జరిపే మీట వేర్వేరు కనుక పదహారు సార్లు అయినా చేయి నొప్పి తప్ప ఇబ్బంది లేదు. షట్టరును ఎక్కిస్తే ఫిల్ము కూడా జరిగిపోయే హాసెల్‌బ్లాడ్ వారు బ్యాక్‌ను పదిహేనుసార్లు ఊడదీసి పెట్టేలోగా బ్యారేజీ మీద దీపాలు వెలుగుతాయి.

అయితే ఎక్స్‌పోజర్ల సంఖ్యతో ఎప్పుడూ భాగించాలని కూడా అనుకోవద్దు. దృశ్యాలు ఒకదాని మీద ఒకటి పడితేనే రెండింటికి ఒక్కో స్టాప్, నాలుగింటికి రెండు స్టాప్‌లు తగ్గించాలి. మన పాత సినిమాల్లో ద్విపాత్రాభినయం దృశ్యాలకు లెన్సు ముందు సగం మూసి ఒకే ఫిల్మును రెండుసార్లు నడిపేవారు. ఏ సగానికైనా వెలుగు పడేది ఒక్కసారే కాబట్టి తగ్గించే పని ఉండేది కాదు.

స్టూడియో వారసుడు:
హాసెల్‌బ్లాడ్ మీద వేసిన వేళాకోళాన్ని స్వీకరిస్తున్నాను. కాని కొత్తవారి కోసం ఆ క్రమాన్ని ఎవరో ఒకరు చెప్పాలి. మొదటి ఎక్స్‌పోజర్ అయ్యాక డార్క్ స్లైడ్ (ఫిల్ముకు వెలుగు తగలకుండా అడ్డుపెట్టే పలుచని రేకు) దూర్చి, బ్యాక్ తీసి, బాడీ మీటను మాత్రం తిప్పి షట్టరు ఎక్కించి, బ్యాక్ మళ్ళీ తగిలించి, స్లైడ్ లాగాలి. అప్పుడు బాడీ సూచిక గవాక్షంలో తెలుపు (షట్టరు సిద్ధం), బ్యాక్ గవాక్షంలో ఎరుపు (ఫ్రేము ఇప్పటికే తీసినది) కనిపిస్తాయి. మామూలుగా రెండూ ఒకే రంగులో ఉండాలని నేర్చుకున్న మనకు ఆ ఎరుపు చూడగానే చేయి తడబడుతుంది. బాడీ ఎరుపు, బ్యాక్ తెలుపు అయితే అది డబుల్ ఎక్స్‌పోజర్ కాదు, తిప్పగానే ఒక ఫ్రేము ఖాళీగా పోతుంది. నేను ఒక రోలులో రెండు ఫ్రేములు అలాగే పోగొట్టుకున్నాను.

డార్క్ స్లైడ్ దూరే సందులోని సీలు పాతబడితే, ఎండలో దాన్ని లాగిన ప్రతిసారీ ఫ్రేము అంచున ఒక తెల్లని చార పడే ప్రమాదం ఉన్నది. బ్రాకెటింగ్‌లో స్లైడ్‌ను ముట్టుకోనక్కరలేదు. పొరపాటు జరిగినా మూడింటిలో ఒకటి మిగులుతుంది. బహుళ ఎక్స్‌పోజర్‌లో రెండో నొక్కు తప్పితే మొదటిదీ పోతుంది.

ఆరు బై ఆరు:
అందరికీ కృతజ్ఞతలు. రేవు గట్టు గారు ఊహించినది నిజమే. నోటు పుస్తకం తీసి చూస్తే మూడు దృశ్యాలకు మీటరు రెండు నుంచి నాలుగు సెకన్లు చెప్పింది. నేను ఏ సవరణా చేయలేదు. సూత్రంలో నాలుగు వేస్తే ఆరు సెకన్లకు పైనే వస్తున్నది. అంటే నేను బ్రాకెటింగ్ గెలిచిందనుకున్న చోట నా అజ్ఞానం గెలిచింది. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. ఒక బ్యాక్‌లో జోన్ మూడు గారు చెప్పినట్టు నీడను చదివి, సవరణ చేసి, దృశ్యానికి ఒకటే ఫ్రేము తీస్తాను. రెండో బ్యాక్‌లో అవే దృశ్యాలను ముందస్తు ఎక్స్‌పోజర్‌తో తీస్తాను. రాయి సున్నం కొట్టినట్టు వచ్చిందో లేదో నెగెటివులు చెబుతాయి. లెన్సును మాత్రం ముందుగా మరమ్మతుకు ఇస్తున్నాను. ఒక్క అనుమానం మిగిలింది: ట్రైపాడ్ మీద ఫ్రేము కుదుర్చుకున్నాక బ్యాక్ ఊడదీసి, బాడీ తిప్పి, మళ్ళీ తగిలిస్తే కెమెరా కదలదా?

నల్లరేకు:
కదులుతుంది. అందుకే కాగితం ఎక్స్‌పోజర్‌ను ముందు ఇవ్వాలి. బ్యాక్ తీయడం, తిప్పడం, తగిలించడం పూర్తయ్యాక దృశ్యం కనిపించే గరుకు గాజు, అంటే గ్రౌండ్ గ్లాస్‌లో చూసి స్తంభాన్ని కుదుర్చుకోండి, లెన్సు ఫోకస్‌ను అనంతం నుంచి వెనక్కి తెచ్చుకోవడం మరవకండి. డార్క్ స్లైడ్‌ను మాత్రం చివరి క్షణంలో, కెమెరా మీద నల్లగుడ్డ కప్పి, లాగండి.