హనోయి ఒప్పందంపై భారత్ సంతకం చేయాలా, వద్దా?

మల్కాజ్‌గిరి పౌరుడు:

ఈ ప్రశ్న రాజకీయం కోసం అడగడం లేదు. మా పెద్దమ్మ కోసం అడుగుతున్నాను.

ఆవిడకు 71 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసింది. పోయిన శ్రావణ మాసంలో సీబీఐ అధికారినంటూ ఒకడు వీడియో కాల్ చేశాడు. నీ ఆధార్ మీద మనీలాండరింగ్ కేసు ఉంది, డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందు నుంచి కదలకూడదు అన్నాడు. మూడు రోజులు కదలలేదు. ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి వంటింటి గట్టు మీద పెట్టుకుంది. "పాలు పొంగుతున్నాయి సార్, స్టవ్ ఆపి రావచ్చా" అని వాడిని అడిగి లేచిందట. నలభై ఏళ్లు తరగతి గదిని కంటిచూపుతో నడిపిన మనిషి తన వంటింట్లో తాను లేవడానికి ఒక దొంగను అనుమతి అడిగింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

38 లక్షలు పోయాయి. మేము సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసేసరికి మూడో రోజు రాత్రయింది. 2 లక్షల 40 వేలు మాత్రం ఒక ఖాతాలో ఆపగలిగారు. మిగిలింది మ్యూల్ ఖాతాల (దొంగలు వాడుకునే ఇతరుల బ్యాంకు ఖాతాల) మీదుగా తిరిగి క్రిప్టోగా మారి దేశం దాటింది. దర్యాప్తు అధికారి ఓపికగా ఫైలు తెరిచి చూపించాడు. కాగితం మధ్యలో వేలితో గీత గీసి, "ఇక్కడిదాకా మా చేతిలో ఉందండీ, ఇక్కడి నుంచి లేదు" అన్నాడు.

ఆ గీత దాటడానికే కదా అంతర్జాతీయ ఒప్పందాలు? 2024 డిసెంబరు 24న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సైబర్ నేరాల వ్యతిరేక ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబరు 25, 26 తేదీల్లో వియత్నాం రాజధాని హనోయిలో 70కి పైగా దేశాలు సంతకం చేశాయి. వాటిలో మన దేశం లేదు. గడువు 2026 డిసెంబరు 31. ఒక్క 2024లోనే మన ప్రజలు సైబర్ మోసాల్లో 22,845 కోట్లు పోగొట్టుకున్నారని కేంద్రమే లోక్‌సభకు చెప్పింది. ఇంకా దేని కోసం ఆగుతున్నాం? సంతకం చేయాలి, వెంటనే చేయాలి అన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గచ్చిబౌలి రాత్రి షిఫ్టు:

మీ పెద్దమ్మ గారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఒక సంస్థలో నెట్‌వర్క్ భద్రతను కనిపెట్టి ఉండే పని చేస్తాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీకు అడ్డుపడింది ఒప్పందం లేకపోవడం కాదు.

అమెరికాతో మనకు పరస్పర న్యాయ సహాయ ఒప్పందం ఎప్పుడో ఉంది. 2001లో సంతకాలయ్యాయి, 2005 నుంచి అమల్లో ఉంది. అక్కడి కంపెనీ దగ్గరున్న ఒక ఈమెయిల్‌లో ఏముందో తెలియాలంటే ఇక్కడి దర్యాప్తు అధికారి వినతి ఢిల్లీలో కేంద్ర హోం శాఖకు వెళ్లాలి. అక్కడి నుంచి వాషింగ్టన్‌లోని న్యాయ శాఖకు. వాళ్లు పరిశీలించి, ఏదైనా తక్కువైతే తిప్పి పంపి, అన్నీ సరిపోతే తమ కోర్టు ముందు పెడతారు. కోర్టు ఆదేశమిస్తే కంపెనీ ఇస్తుంది. వచ్చిన దారినే అది వెనక్కి రావాలి. వచ్చినదానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతపడాలి, లేకపోతే ఇక్కడి కోర్టులో నిలబెట్టడం కష్టం. అంతవరకు లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి వాడారన్న కంప్యూటర్ నమోదులు, చెరిగిపోకుండా ఉంటేనే ఇదంతా. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు ఉంటుంది వ్యవహారం.

ఇంకో సంగతి. హనోయిలో అమెరికా కూడా సంతకం చేయలేదు. మనం వాడే వీడియో కాల్స్, ఈమెయిళ్లు, సోషల్ మీడియాలో అధిక భాగం ఆ దేశపు కంపెనీలవే. రేపు మనం సంతకం చేసినా ఆ గుమ్మం ముందు మన వరుస మారదు.

సహకారం ఫలించిన సందర్భం ఒకటి చెబుతాను. 2017 మే 12న వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ దేశదేశాల కంప్యూటర్లను తాళం వేసేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాని వ్యాప్తిని ఆపింది బ్రిటన్‌లోని ఒక యువ పరిశోధకుడు. ఆ ప్రోగ్రామ్ లోపల ఒక వింత వెబ్ చిరునామా కనబడితే, పది డాలర్ల చిల్లర కట్టి దాన్ని నమోదు చేశాడు. ఆ చిరునామా పలకగానే ఆ ప్రోగ్రామ్ పాకడం మానేసింది. ఏ ఒప్పందమూ అతడికి ఆ పని అప్పగించలేదు. మా వృత్తిలో రోజూ నడిచేది ఇలాంటి నమ్మకమే. రాత్రి రెండింటికి ముఖమెరుగని మనిషి సింగపూర్ నుంచి "ఈ చిరునామాను అడ్డుకోండి" అని కబురు పెడతాడు, మేం అడ్డుకుంటాం.

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:

గచ్చిబౌలి గారు చెప్పిన వరుస మాట నిజమే. అయితే వరుస మారదు కాబట్టి ఇంట్లో కూర్చుందామా?

2001లో యూరప్ దేశాలు సైబర్ నేరాలపై బుడాపెస్ట్ ఒప్పందం రాసుకున్నాయి. ఆ రాతలో మనం లేము, కాబట్టి చేరలేదు. దానిలో 32వ అధికరణ మీద అభ్యంతరం కూడా న్యాయమైనదే. సమాచారం ఇవ్వడానికి హక్కున్నవాడు ఒప్పుకుంటే చాలు, ఆ దేశ ప్రభుత్వాన్ని అడగకుండానే వేరే దేశపు పోలీసులు సమాచారం తీసుకోవచ్చు అంటుంది అది. నేను జీవితమంతా ప్రభుత్వ రంగంలో పనిచేశాను, సార్వభౌమత్వం నాకు ఉత్త మాట కాదు. కాని పక్కనున్న శ్రీలంక 2015లోనే అందులో చేరింది. మనం రెండు దశాబ్దాలు బయట నిలబడి ఏం కాపాడుకున్నాం?

హనోయి పత్రం అలాంటిది కాదు. ఐక్యరాజ్యసమితిలో 2022 నుంచి 2024 దాకా జరిగిన చర్చల్లో మన ప్రతినిధులు కూర్చున్నారు, ప్రతిపాదనలు ఇచ్చారు. ఆ 32వ అధికరణ వంటిది ఇందులో లేదు. వంటలో చేయి పెట్టినవాళ్లం, పంక్తిలో కూర్చోకపోతే ఎలా?

మన సంగతి మనం చూసుకుంటే చాలు అనేవాళ్లు 2024 జులై 19 గుర్తు చేసుకోవాలి. ఆ రోజు శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి సిబ్బంది బోర్డింగ్ పాసు చేత్తో రాసి ఇచ్చారు. దాడి ఏమీ జరగలేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్ ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లను పడగొట్టింది. సంతకం చేసినా చేయకపోయినా మనం ఒకరికొకరం ముడిపడే ఉన్నాం. ఆ ముడికి నియమాలు ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న.

నల్లకోటు:

న్యాయవాదిని. ముందు చిన్న సవరణ. డిసెంబరు 31 సంతకాలకు గడువు మాత్రమే. ఆ తరువాత కూడా ఏ దేశమైనా ఒప్పందంలో చేరవచ్చు. పైగా 40 దేశాలు ధ్రువీకరించాక మరో 90 రోజులకు గాని అది అమల్లోకి రాదు. తొందరపడి సంతకం చేయకపోతే తలుపు మూసుకుపోతుందన్న భయం అక్కరలేదు.

ఇప్పుడు నా అభ్యంతరం. పేరు సైబర్ నేరాల ఒప్పందమే గాని, దాని చేయి అంతకన్నా పొడవు. గరిష్ఠ శిక్ష నాలుగేళ్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉన్న ఏ నేరమైనా "తీవ్ర నేరం" కిందికి వస్తుంది. దాని ఎలక్ట్రానిక్ సాక్ష్యం సేకరించడానికి దేశాలు ఒకదానికొకటి సాయపడాలి. కొన్ని దేశాల్లో పాలకుడిని విమర్శించడమే నాలుగేళ్లకు మించిన నేరం. అక్కడి నుంచి పారిపోయి హైదరాబాద్‌లో చదువుకుంటున్న విద్యార్థి ఈమెయిళ్లు అడిగితే? మానవ హక్కులను అణచడానికి దీన్ని వాడకూడదని ఒక అధికరణ ఉంది, ఒప్పుకుంటున్నాను. మతం, జాతి, రాజకీయ అభిప్రాయాల కారణంగా వేధించడానికి అడిగారని అనుమానం వస్తే సాయం నిరాకరించవచ్చు అని కూడా ఉంది. నిరాకరించవచ్చు అని ఉంది గాని, నిరాకరించి తీరాలి అని లేదు. రక్షణలు ఎలా ఉండాలో ప్రతి దేశం తన చట్టాన్ని బట్టి తేల్చుకుంటుంది. చట్టం బలహీనమైతే రక్షణ కూడా అంతే.

ఇంజనీరు గారు మన ప్రతిపాదనల గురించి గర్వంగా చెప్పారు. 2022లో మన ప్రతినిధులు పెట్టిన ప్రతిపాదనల్లో ఒకటి ఐటీ చట్టం 66ఏ సెక్షన్ భాషను పోలి ఉంది. "తీవ్రంగా అభ్యంతరకరమైన" సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంట్లో చెల్లని నాణేన్ని బజారులో మార్చబోయారు. చివరి పత్రంలో అది లేదు, సంతోషం. కాని ఎవరి చేతికి ఏ అధికారం ఇస్తున్నామో చూసుకోవద్దా?

గచ్చిబౌలి గారు చెప్పిన ఆ బ్రిటన్ యువకుడి వంటి పరిశోధకులకు ఈ ఒప్పందం గట్టి రక్షణ ఏదీ ఇవ్వడం లేదు. సదుద్దేశంతో లోపం వెతికేవాడికి, దొంగతనానికి చొరబడేవాడికి మధ్య గీత గీయడం ఆయా దేశాల ఇష్టానికే వదిలేసింది.

మల్కాజ్‌గిరి పౌరుడు:

నల్లకోటు గారూ, మీరు చెప్పినవన్నీ సరైనవే కావచ్చు. కాని మీ వాదనలో ఎక్కడో ఉన్న విద్యార్థి కనబడుతున్నాడు, మా పెద్దమ్మ కనబడటం లేదు. ఆవిడ ఇప్పుడు ఫోన్ మోగితే ఎత్తడం లేదు. కరెంటు బిల్లు కట్టడానికి కూడా యాప్ వాడదు, క్యూలో నిలబడి కట్టి వస్తోంది. ఆవిడ హక్కుకు ఏ అధికరణ ఉంది?

చర్చా నిర్వాహకులు:

కేసు నంబర్లు, ఖాతా వివరాలు, అధికారుల పేర్లు ఎవరూ ఇక్కడ పెట్టవద్దు. చర్చ కొనసాగించండి.

కూకట్‌పల్లి అక్క:

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని వెనకాడాను.

మా తమ్ముడు డేటా ఎంట్రీ ఉద్యోగమని బ్యాంకాక్ వెళ్లాడు. ఏజెంటుకు లక్షన్నర కట్టాం. విమానాశ్రయం నుంచి కారులో గంటల తరబడి తీసుకెళ్లి, రాత్రి పూట పడవలో నది దాటించారు. అవతల మయన్మార్‌లోని మ్యావడీ. పాస్‌పోర్టు లాక్కున్నారు. రోజుకు పదహారు గంటలు ఫోన్లు చేయాలి. లెక్క తప్పితే కరెంటు షాక్. 2025 మార్చిలో మన వైమానిక దళం విమానాల్లో 500 మందికి పైగా తీసుకొచ్చారు కదా, వాళ్లలో మా వాడు ఒకడు.

చెప్పులో మడిచి నాలుగు కాగితాలు తెచ్చుకున్నాడు. అక్కడ వాళ్లకు ఫోన్లో చెప్పమని ఇచ్చిన మాటలు, తెలుగులో, వాడి చేతిరాతలోనే. "మేడమ్, కెమెరా ఆపితే కోర్టు ధిక్కారం అవుతుంది." "ఇంట్లో ఎవరికైనా చెబితే వాళ్ల మీద కూడా కేసు." పక్కన అంచులో చిన్న అక్షరాలతో ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో రాసుకున్నాడు. ఎదుటి మనిషి నీళ్లకో బాత్రూముకో అనుమతి అడిగితే వెనక నిలబడ్డ సూపర్‌వైజర్ భుజం తట్టేవాడట. ఇక ఆ మనిషి తమ మాట దాటరని అర్థమట.

మల్కాజ్‌గిరి అన్నా, మీ పెద్దమ్మ గారు పాల గురించి అడిగిన చోట చదవడం ఆపేశాను. ఆ ఫోను మా వాడు చేసి ఉండడు, మీకు జరిగింది వాడు వచ్చేశాకే. కాని వాడి పక్క కుర్చీలో కూర్చున్నవాడు చేసి ఉండవచ్చు.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో చెప్పిన అంచనా ప్రకారం, ఇలా నిర్బంధించి మోసాలు చేయిస్తున్నవాళ్లు మయన్మార్‌లో కనీసం లక్షా 20 వేల మంది, కంబోడియాలో సుమారు లక్ష. మ్యావడీ చుట్టుపక్కల పెత్తనం ఆ దేశ ప్రభుత్వానిది కూడా కాదు, సాయుధ దళాలది. హనోయిలో వాళ్ల తరఫున ఎవరు సంతకం చేస్తారు? ఒప్పందం కింద పట్టుకొచ్చినప్పుడు మా తమ్ముడిని నేరస్థుడంటారా, బాధితుడంటారా?

నల్లకోటు:

అమ్మా, బాధితుడే అనాలి. మనుషుల అక్రమ రవాణాపై పాలెర్మో ప్రోటోకాల్‌ను మన దేశం 2011లో ధ్రువీకరించింది. కాని "అనాలి" అన్నదానికీ పోలీసు స్టేషన్లో జరిగేదానికీ మధ్య ఒక న్యాయవాది అవసరం పడుతుంది. అవసరమైతే నేను ఉన్నాను.

కుషాయిగూడ విశ్రాంత ఇంజనీరు:

నా అభిప్రాయం మారలేదు, సంతకం చేయాలి. కాని అక్క గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పత్రంలో ఉన్న ప్రతి గీత ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి. దొంగలు ఎంచుకున్నది ప్రభుత్వం లేని నేల.

గచ్చిబౌలి రాత్రి షిఫ్టు:

ఇప్పుడున్న దారులు కూడా మనం పూర్తిగా వాడటం లేదు. లాగ్‌లు చెరిగిపోకుండా ముందు ఆపి ఉంచమని కోరడానికి జీ-7 దేశాల 24 గంటల సంప్రదింపుల వ్యవస్థ ఉంది, మన తరఫున సీబీఐ అందులో ఉంది. ఫిర్యాదు వచ్చిన గంటలో ఆ కోరిక వెళ్తే, అసలు వినతి ఏడాదికి చేరినా సాక్ష్యం బతికి ఉంటుంది. ఆ సంగతి తెలిసిన, ఆ కాగితం రాయడం వచ్చిన మనిషి ప్రతి కమిషనరేట్‌లో ఒకరుండాలి. దీనికి హనోయి దాకా పోనక్కరలేదు.

మల్కాజ్‌గిరి పౌరుడు:

నిన్న కోపంగా రాశాను, నల్లకోటు గారు మన్నించాలి. సంతకం చేయాలన్న మాట మీదే ఉన్నాను. అయితే మన చట్టంలో పరిశోధకులకు రక్షణ, రాజకీయ కారణాలతో వచ్చే వినతులను తప్పనిసరిగా తిప్పికొట్టే నిబంధన, ఈ రెండూ ముందు రావాలని ఇప్పుడు అనుకుంటున్నాను. మా ఎంపీకి లేఖ రాస్తున్నాను. గచ్చిబౌలి గారు చెప్పిన కమిషనరేట్ మాట కూడా అందులో చేరుస్తాను. ముసాయిదా ఇక్కడే పెడతాను, నల్లకోటు గారు దిద్దాలి.

అక్కా, మీరు రాసింది పెద్దమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ అబ్బాయి ఎంతవరకు చదువుకున్నాడట?" అని అడిగింది. మీ తమ్ముడి దగ్గర ఆ కాగితాలు ఇంకా ఉన్నాయా? వాడి పేరు బయటికి రాకుండా మా దర్యాప్తు అధికారికి చూపించే వీలుంటుందా?

కూకట్‌పల్లి అక్క:

ఇంటర్ దాకా, అన్నా. కాగితాలు బీరువాలో ఉన్నాయి. వాడిని అడుగుతాను. నల్లకోటు గారు పక్కన ఉంటే వస్తాడనుకుంటున్నాను.